రెండూ ఒప్పైతే ఒక్కదానికే మార్కా?

సంపాదకులకు,

పదో తరగతి చదువుతున్న మా మనవరాలి ఇంగ్లిష్ మోడల్ పరీక్ష పేపరు ఈమధ్య చూశాను. ‘ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్ ___ హిస్ ఆన్సర్’ అన్న ఖాళీలో ఆ పిల్ల ‘బై’ అని రాసింది. కీలో ‘ఎట్’ అని ఉందట. ఎర్ర సిరాతో కొట్టేశారు, అర మార్కు గోవిందా. నిజానికి రెండూ ఒప్పే. మంచి నిఘంటువు ఏది తిరగేసినా ఆ సంగతి తెలుస్తుంది.

ఎందుకంటే, ‘వాజ్ రిటెన్’ లాంటి చోట ‘రిటెన్’ క్రియగానే ఉంటుంది కాబట్టి రాసిందెవరో చెప్పడానికి ‘బై’ కావాలి. ‘ఇంట్రెస్టెడ్’ విశేషణంగా స్థిరపడిపోయింది, దాని వెంట ‘ఇన్’ వస్తుంది. అనుమానమొస్తే ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ ఇంట్రెస్టెడ్’ అంటాం గానీ ‘వెరీ రిటెన్’ అనం. ‘సర్‌ప్రైజ్డ్’ అటూ ఇటూ కూడా చెల్లుతుంది, అందుకే ఎట్, బై రెండూ నప్పుతాయి.

అలాగని ఏది రాసినా సరిపోతుందని కాదు. కొండపల్లి ఊరు బొమ్మలకు ‘నోన్ ఫర్’, వీరేశలింగం గారు గద్య తిక్కనగా ‘నోన్ యాజ్’, నాకు తెలిసిన మనిషి ‘నోన్ టు మి’. బల్లలో చెక్క చెక్కలాగే కనిపిస్తుంది గనుక ‘మేడ్ ఆఫ్ వుడ్’. చెరకు రసం రూపం మారి బెల్లమవుతుంది గనుక ‘మేడ్ ఫ్రమ్’. ఇలా చెబితే ఏ పిల్లకైనా ఒక్కసారికే ఎక్కుతుంది. ‘ఫలానా ఆయనతో పెళ్లయింది’ అనే మన పిల్లలు ‘మ్యారీడ్ విత్’ అని రాయడమూ సహజమే. అది తప్పే, ‘టు’ రావాలి. కానీ ఎందుకు తప్పో చెప్పేవాళ్లేరీ? గైడ్ల నిండా పట్టికలే, బట్టీ కొట్టమనడమే.

పోటీ పరీక్షలకైతే ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటారు. బడి పరీక్షల్లో పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి? రెండు జవాబులు చెల్లే చోట కీలో రెండూ ముద్రించాలి. లేదంటే ఒక్కటే కుదిరేలా ప్రశ్న తయారు చేయాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఈ మేరకు పేపరు తయారుచేసేవారికి, దిద్దేవారికి ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి