ఇరాన్ సినిమాల్లో కాఠిన్యం ఎక్కడుందని అడిగావు

బనశంకరి, బెంగళూరు

ప్రియమైన సుధాకర్,

ఇరాన్ సినిమాల్లో వంటిళ్లూ టాక్సీలూ భార్యాభర్తల తగాదాలే కనబడతాయి గదా, మత పాలన ఎంత కఠినమో వాటిని చూస్తే ఎలా తెలుస్తుందని నీ ఉత్తరంలో అడిగావు. ఇక్కడి ఫిల్మ్ సొసైటీ మిత్రులు కూడా ఇదే మాట అంటుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మటుకు నాకు ఆ పాలన బరువు తెలిసేది ఆ వంటిళ్లలోనే. జాఫర్ పనాహీ ‘ఆఫ్‌సైడ్’ (2006) చూడు. 2005 జూన్‌లో టెహ్రాన్‌లో ఇరాన్, బహ్రెయిన్ జట్లకు జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆ కథకు నేపథ్యం. అప్పట్లో మగవాళ్ల ఫుట్‌బాల్ ఆటకు ఆడవాళ్లను రానిచ్చేవారు కారు కనుక అబ్బాయిల వేషంలో వచ్చి పట్టుబడిన అమ్మాయిలను, ప్రేక్షకుల కేకలు వినిపిస్తూ ఆట మాత్రం కనిపించని చోట నిర్బంధిస్తారు. కాపలా సైనికుడు పల్లెటూరివాడు, అతని మనసంతా ఊళ్లోని పశువుల మీదే ఉంటుంది. ఎందుకు రానివ్వరని ఒక అమ్మాయి నిలదీస్తే, లోపల మగవాళ్లు తిట్టే బూతులు మీరు వినకూడదంటాడు. మరి ఇంతకుముందు జపాన్‌తో ఆడినప్పుడు జపాన్ ఆడవాళ్లను ఎలా కూర్చోనిచ్చారంటే, వాళ్లకు మన భాష రాదంటాడు! తాను పెట్టని నియమానికి తానే కారణాలు వెతుక్కోవలసిన ఆ కుర్రవాడిని చూస్తే నాకు ఎంతో జాలి వేసింది. ఈ సినిమాను ఇరాన్ థియేటర్లలో విడుదల కానివ్వలేదు.

మరొకటి గమనించావా? అనుమతితో తీసిన ఇరాన్ సినిమాల్లో గృహిణి సొంత ఇంట్లో, కన్నపిల్లల ముందు కూడా తలగుడ్డ తీయదు. నిజానికి ఇంట్లో ఆ నిర్బంధం లేదు, కానీ తెర మీది స్త్రీని పరాయి మగవాళ్లు చూస్తారు గనుక కెమెరా వెళ్లిన ప్రతి గదికీ నియమం వెంట వెళుతుంది. మొహమ్మద్ రసూలోఫ్ రహస్యంగా తీసిన ‘ద సీడ్ ఆఫ్ ద సేక్రెడ్ ఫిగ్’ (2024)లో తల్లీ కూతుళ్లు ఇంట్లో తల కప్పుకోకుండా తిరుగుతుంటే, అంత మామూలు దృశ్యానికి నా గుండె వేగంగా కొట్టుకుంది. ఎనిమిదేళ్ల జైలు శిక్ష పడ్డ ఆ దర్శకుడు దేశం విడిచి పారిపోవలసి వచ్చింది.

ఇలాంటి సినిమాలు చూపి ఒక మతాన్నే ద్వేషించమనేవాళ్లతో నేను ఏకీభవించలేను. ఆఫ్రికా దర్శకుడు సిస్సాకో ‘టింబక్టు’ (2014)లో మతం పేరు చెప్పుకునే సాయుధులు మాలి దేశంలోని ఆ ఊరిని పట్టుకుని సంగీతాన్నీ ఫుట్‌బాల్‌నూ నిషేధిస్తే, పిల్లలు బంతి లేకుండానే ఆడుకుంటారు. చేతులకు తొడుగులు వేసుకోమన్నప్పుడు చేపలమ్మే ఆవిడ, తొడుగులతో చేపల మీద నీళ్లెలా చల్లాలని ఎదురు తిరుగుతుంది. చెప్పులతో, తుపాకులతో మసీదులోకి వచ్చినవాళ్లను మందలించేది స్వయానా ఇమామే. అక్కడ విశ్వాసానికీ అధికారానికీ మధ్యే ఘర్షణ.

సౌదీ అరేబియాలో చిత్రించిన ‘వజ్దా’ (2012) కూడా తప్పక చూడు. సైకిలు కొనుక్కోవడానికి ఖురాన్ పఠన పోటీలో చేరే పిల్ల కథ అది. దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ రియాద్ వీధుల్లో మగవాళ్ల మధ్య నిలబడే వీలు లేక వ్యానులో కూర్చుని వాకీటాకీతో షూటింగు నడిపించారు. అప్పటికి ఆ దేశంలో సినిమా హాళ్లే లేవు, అవి మళ్లీ తెరుచుకున్నది 2018లో. దీన్ని మీ అమ్మాయితో కలిసి చూడు. ‘ఆఫ్‌సైడ్’ మాత్రం ముందు నువ్వొక్కడివే చూసి, ఆ సైనికుడి విషయంలో నాతో ఏకీభవిస్తావో లేదో రాయి.

నీ
రాఘవ