ఆ ఫారంలో సీసాకు గడి లేదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెబుతుంటాను. రెండు తరగతులూ ఒకే గదిలో.

నిరుడు వానాకాలంలో ఐదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "దోమలు పుట్టకుండా ఫ్రైడే డ్రైడే అని వారం వారం తొట్లు ఖాళీ చేయిస్తారు కదా సార్, నెలకోసారి చేస్తే చాలదా?"

జవాబు తెలిసీ చెప్పలేదు. బడి వెనక కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్లను, అందులో గిలగిలలాడుతున్న పురుగులతో సహా రెండు సీసాల్లో పోయించి, మూతికి దోమతెర గుడ్డ బిగించి కట్టించాను. రోజూ చూసి రాయడం పిల్లల పని. సీసాను తడితే పురుగులు కిందికి దిగి, మళ్లీ పైకొస్తాయి. ఎందుకు? తిండికని కొందరు, ఊపిరికని కొందరు, పూటంతా ఒకటే గొడవ. రెండో సీసాలో నాలుగు చుక్కల నూనె వేశారు. మర్నాటికి అందులోవన్నీ చచ్చాయి. నూనె పొర గాలికి అడ్డుపడింది, అంటే పైకొచ్చేది ఊపిరికే. గొడవ తీరింది. ఆరో రోజు మొదటి సీసాలో దోమ ఎగిరింది. "మరి గుడ్డుగా ఉన్న రోజులో?" అన్నాడు ఎప్పుడూ నోరు తెరవని పిల్లాడు. వారమెందుకో వాళ్లే లెక్క తేల్చుకున్నారు.

అదే వారం తనిఖీకి వచ్చిన అధికారి సీసాల వంక చూసి, "ఇది ఎన్నో పాఠం? సిలబస్ ఎందాకా వచ్చింది?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన చేతిలోని ఫారంలో సీసాకు గడి లేదు.

సమస్యతో మొదలుపెట్టి చదువు చెప్పడాన్ని 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులకు ఒక పద్ధతిగా తెచ్చింది. మన దేశంలో, మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లె బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల చేతనే ప్రయోగాలు చేయించింది. పరీక్షలో పుస్తకం చూసి రాయనిచ్చింది, ప్రయోగానికీ మార్కులిచ్చింది. 2002లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని ఆపేసింది.

కిట్లు అడగడం లేదండీ, వచ్చినవి బీరువాలో భద్రంగానే ఉన్నాయి. టర్ముకు ఒక్క సమస్యకు మూడు వారాలివ్వండి, ఆ మూడు వారాలూ సిలబస్ లెక్క అడగకుండా. ప్రశ్నపత్రంలో "దోమ జీవిత చక్రం పటం గీయండి" తీసేసి, "మీ ఇంటి తొట్టిని ఎన్ని రోజులకోసారి కడగాలి? ఎలా తేలుస్తావు?" అని అడిగించండి. పరీక్షలో ఏది వస్తే బడిలో అదే చెబుతాం, ఆ సంగతి మీకూ తెలుసు. ముందు ఒకే టీచరున్న బడులను వదిలి మిగతావాటిలో మొదలుపెట్టినా సరే.

తనిఖీ ఫారంలో ఆ గడి కూడా.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు