ఆఫీసుల ఆవరణలో వాన తోటలు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నటి వానకి మా వీధి చివర ప్రభుత్వ కార్యాలయం ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, పింఛను కాగితాలు పట్టుకొచ్చిన పెద్దాయన గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. చాలా బాధేసింది. ఆవరణంతా సిమెంటే, ఇక నీళ్లు ఎక్కడ ఇంకుతాయి?

1000 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50,000 లీటర్లు! అదంతా గొట్టాల్లోంచి నేరుగా రోడ్డు మీదికే. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలు చూశాక కూడా ఇలాగే వదిలేస్తున్నాం.

అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1990ల్లోనే వాన తోటలు, అంటే డాబా నీళ్లని నేలలోకి ఇంకించే మొక్కల పల్లాలు, మొదలుపెట్టారు. పెద్ద విద్యేమీ కాదు, గోడకి మూడు మీటర్ల దూరంలో జానెడు లోతు పల్లం తీసి, అడుగునున్న మట్టిని ఇసుకతో, కంపోస్టుతో గుల్ల చేసి, తడినీ ఎండనీ తట్టుకునే వట్టివేరు, మెట్టతామర లాంటివి నాటి, డాబా గొట్టాన్ని అందులోకి మళ్లించడమే. నల్లరేగడి నేలైతే ఇసుక ఎక్కువ వెయ్యాలి, మిగులు నీళ్లు పోవడానికి ఓ దారి కూడా ఉంచాలి. దోమల టెన్షన్ అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో నీళ్లు ఇంకిపోతే లార్వా దోమగా మారే టైమే ఉండదు.

ఇంకుడు గుంతలున్నాయి కదా అంటారు. మా దగ్గరవి పూడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు, అదే తోటయితే రోజూ కళ్లెదుట ఉంటుంది, వాడిపోతే ఎవరో ఒకరు అడుగుతారు.

కొత్త బడులకీ ఆస్పత్రులకీ ప్లాన్ గీసేటప్పుడే ఈ జాగా వదలమనీ, కలుపు తీసే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసిపెట్టమనీ అధికారుల్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్