వీసా కాగితంలో ముందు సెక్షన్ నంబరు చూడండి

సంపాదకులకు,

భార్య అమెరికా పౌరురాలైనా, ముఠాతో సంబంధం ఉందన్న అనుమానంతో భర్తకు వీసా ఆపేస్తే 'కోర్టులో వేస్తే సరి' అని ధైర్యం చెప్పేవాళ్లు తిరుపతిలో ఇంకా ఉన్నారు. 2024 జూన్ 21 తర్వాత ఆ ధైర్యానికి పెద్దగా ఆధారం లేదు. భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరుల ప్రాథమిక హక్కు కాదని మునోజ్ అనే అమెరికా పౌరురాలు భర్త వీసా కోసం వేసిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు 6-3 తీర్పులో తేల్చేసింది. ఆమె భర్తది ఎల్ సాల్వడార్. నేరచరిత్ర లేదు, ఒంటి మీద పచ్చబొట్లున్నాయి. 2015 డిసెంబరులో కాదన్నప్పుడు చెప్పింది సెక్షన్ నంబరొక్కటే. ఎంఎస్-13 ముఠా మనిషని అనుమానమన్న సంగతి బయటికొచ్చింది దాదాపు మూడేళ్లకు, అదీ దావా నడుస్తుండగా.

కాగితం మీద 221(జి) అని ఉంటే పత్రాలో తనిఖీయో మిగిలి ఉందని అర్థం. 212(ఎ)(3)(ఎ) అని ఉంటే, అంటే చట్టవిరుద్ధమైన పనులకు వస్తున్నారన్న అనుమానమైతే, గట్టి చిక్కే. వలస వీసాలో దానికి మినహాయింపు లేదు, కారణం రాసివ్వాలన్న నిబంధనా లేదు. ఇక మిగిలేది ఏడాది గడువు. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాదిలోపు ఆ అనుమానాన్ని కొట్టేసే కొత్త ఆధారం పెడితే ఫైలు మళ్లీ చూడాలి. దాటితే దరఖాస్తు, ఫీజు మొదటికొస్తాయి. అమెరికాలోని లాయరు లీగల్‌నెట్‌కు (వీసా చట్టం ప్రశ్నలకు అమెరికా విదేశాంగ శాఖ పెట్టిన ఈమెయిల్) రాయవచ్చు గానీ అక్కడ చట్టం మీద ప్రశ్నలకే జవాబు. వాస్తవాలు తేల్చేది కాన్సులేట్ అధికారే.

సర్పంచి ఇచ్చే 'మంచివాడు' లెటరు ఆధారం కాదు. పచ్చబొట్టుకైతే దగ్గరి నుంచి తీసిన ఫోటో, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు పొడిపించుకున్నదీ వివరం, ముఠా గుర్తులు తెలిసిన నిపుణుడి అభిప్రాయం పెట్టాలి. మునోజ్ కేసులో నిపుణుడి మాట పెట్టినా ఫలించలేదు, నిజమే. అయినా పెట్టకపోవడం కన్నా నయం. హడావుడిగా లేజరుతో చెరిపించుకుంటే మచ్చ మిగులుతుంది, దాచారన్న అనుమానం తోడవుతుంది.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇంకోచోట. కాలేజీ రోజుల్లో కొట్లాట, అరెస్టు, లోక్ అదాలత్‌లో రాజీ. 'కేసు అయిపోయిందిగా' అని డీఎస్-260లో (వలస వీసా ఆన్‌లైన్ దరఖాస్తు) అరెస్టు ప్రశ్నకు 'నో' కొడతారు. ఆ ప్రశ్న శిక్ష పడిందా అని మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. ఆ 'నో' తప్పుడు సమాచారం కింద లెక్కకొస్తే అదే జీవితకాల అనర్హత కావచ్చు. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు), వీటికి కోర్టు నుంచి సర్టిఫైడ్ నకళ్లు తీయండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం, అనువాదం సరైనదేనని అనువాదకుడి సంతకం ఉండాలి. స్టేషన్లో పేరు మీద రౌడీషీటు తెరిచి ఉంటే ఎస్పీకి అర్జీ పెట్టి, మూసేసిన ఉత్తర్వు చేతికి తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ స్టేషన్ ఇప్పుడు ఏ జిల్లా ఎస్పీ కింద ఉందో ముందే కనుక్కోండి. ఏడాదిలో నెల రోజులు ఈ తిరుగుడుకే పోతాయి.

— వీసా పత్రాలు చూసే న్యాయవాదులు, తిరుపతి