తాబేలు రాయి అని పేరు పెట్టేముందు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అడవుల్లోని పాత రాతి కట్టడాల గురించి వచ్చిన కథనం చదివాను. తాబేలులా, పాములా పేర్చిన రాళ్ళ ఫొటోలు బాగున్నాయి. కానీ వాటి కింద "గ్రహాంతరవాసులు కట్టారా?" అని వేయడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఇలాంటివి చదివే శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి బైకులేసుకుని జనం అక్కడికి బయల్దేరుతున్నారు.

తమిళనాడు కృష్ణగిరి జిల్లా మల్లచంద్రంలో కొండ మీద ఇనుప యుగం నాటి సమాధి గూళ్ళున్నాయి. మనవాళ్ళు రాకాసి గుళ్ళు, పాండవ గుళ్ళు అంటారే, అవే. చుట్టూ నిలబెట్టిన పలుచటి బండలు, పైన ఒక మూతబండ, ఒక బండకి గుండ్రంగా తొలిచిన కంత. మొన్న వెళ్ళినప్పుడు ఒక మూతబండ మీద ఎవరో చిన్న రాళ్ళు గోపురంలా పేర్చి, ఫొటోలు దిగి పోయారు. ఆ రాళ్ళు ఎక్కడివా అని వంగి చూస్తే, నిలువు బండ కదలకుండా దాని మొదట్లో బిగించినవి, ఊడబీకిన చోట మట్టి ఇంకా తడిగానే ఉంది. "ఎవురికని చెప్పేదమ్మా, వారం వారం వస్తారు" అన్నాడు అక్కడ మేకలు కాసుకునే పెద్దాయన.

అసలు సాక్ష్యం ఆ చిన్న రాళ్ళే. మన గ్రానైట్ ఎండకీ వానకీ పొరలుగా ఊడి గుండ్రంగా అరుగుతుంది, కాబట్టి తాబేలులా, ఏనుగులా కనబడే గుండ్లు ఎవరి చెయ్యీ పడకుండానే బోలెడు. మనిషి పనా కాదా అన్నది కింద బిగించిన రాయి, వేరేచోటి నుంచి మోసుకొచ్చిన రాయి, చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్ళ వలయం చెప్తాయి. తిరువణ్ణామలై జిల్లా మోట్టూరులో భుజాలతో మనిషిలా మలిచిన పెద్ద బండ రాతి వలయంలో నిలబడి ఉంది, అక్కడ అనుమానమే లేదు.

అమెరికాలోనూ ఈ తగువు ఉంది. జార్జియాలో తెల్లటి క్వార్ట్జ్ రాళ్ళతో రెక్కలు చాపిన పక్షిని పేర్చారు, అది మనుషులు చేసిందేనని అందరూ ఒప్పుకుంటారు. మాసచుసెట్స్ అడవుల్లోని రాళ్ళ కుప్పల్ని మాత్రం పొలాలు చదును చేసిన రైతులవేనని చాలాకాలం కొట్టిపారేశారు. వాటిలో మా పూజాస్థలాలున్నాయని అమెరికా ఆదివాసీ తెగలు 2007లో తీర్మానం చేశాయి, మరుసటి ఏడాది ఆ రాష్ట్రంలోనే టర్నర్స్ ఫాల్స్ విమానాశ్రయం పక్కనున్న ఒక చోటికి చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో చేర్చే అర్హత ఉందని తేల్చారు. రైతుల కుప్పలూ ఉన్నాయి, పూజాస్థలాలూ ఉన్నాయి. ఒక్కోదాన్నీ కొలిచి, బొమ్మ గీసి, అక్కడివాళ్ళని అడిగితేగానీ ఏది ఏదో తెలీదు.

కర్ణాటకలోని హిరేబెణకల్ సమాధి గూళ్ళు 2021లో, మన తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి, సంతోషం. పేరు రాని చిన్న చోట్ల సంగతేంటి? పురావస్తు శాఖవాళ్ళు ఒక్కో గూటికీ నంబరు వేసి, సర్వే నంబరుతో సహా జాబితా బయటపెట్టాలి, దారి మొదట్లో తమిళం, కన్నడం, తెలుగు మూడింట్లోనూ బోర్డు పెట్టాలి. మీరు కూడా ఇకమీదట ఇలాంటి కథనం వేస్తే, అక్కడ ఒక్క రాయి కూడా కదపొద్దని ఫొటో కిందే పెద్దక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు