డి90 పక్కన కొలిచిన పద్ధతి కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో తయారయ్యే మందు పొడి ఎంత మెత్తగా ఉందో ఇప్పుడు ఎక్కువగా లేజర్ యంత్రమే తేలుస్తోంది. ఫంగస్ జబ్బులకు వాడే గ్రిసియోఫల్విన్ లాంటి, నీళ్లలో సరిగా కరగని మందు ఒంట్లోకి ఎంత చేరుతుందన్నది ఆ మెత్తదనాన్ని బట్టే ఉంటుంది. అయినా చాలా రిపోర్టుల్లో ‘డి90: 10 మైక్రాన్లు’ అని రాసి ఊరుకుంటున్నారు. ఘనపరిమాణం లెక్కన పొడిలో 90 శాతం ఆ సైజు లోపే ఉందని దానర్థం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఎలా కొలిచారో చెప్పకపోతే ఆ అంకెను నమ్మలేం.

లేజర్ కాంతిని పెద్ద రేణువు చిన్న కోణంలో, సన్న రేణువు పెద్ద కోణంలో చెదరగొడుతుంది. గుస్తావ్ మీ 1908లో ఇచ్చిన సిద్ధాంతంతో యంత్రం అక్కడినుంచి సైజు లెక్కగడుతుంది, అదీ ప్రతి రేణువూ గుండ్రంగా ఉందనుకొని. అందుకే పొడిని ముందు మైక్రోస్కోపు కింద చూడాలి. స్ఫటికాలు సూదుల్లా ఉంటే ఆ అంకెను పొడవు అనుకోకూడదు.

అసలు తప్పు శాంపిల్ దగ్గరే మొదలవుతుంది. డ్రమ్ము కదిలినప్పుడు ముతక పైకి తేలుతుంది, సన్నది అడుక్కి జారుతుంది. పైనుంచి ఒక స్పూను తీస్తే లెక్క తప్పినట్టే. ఒక 100 మైక్రాన్ల రేణువు ఘనపరిమాణంలో వెయ్యి 10 మైక్రాన్ల రేణువులతో సమానం. నాలుగు ముతక రేణువులు ఎక్కువ పడినా డి90 ఎగిరిపోతుంది.

పొడిగానే కొలిస్తే, ఉండలను విడగొట్టే గాలి ఒత్తిడిని 0.5, 1, 2, 3 బార్ల దగ్గర మార్చి చూడాలి. తక్కువైతే ఉండలు విడవవు, ఎక్కువైతే స్ఫటికాలే విరుగుతాయి. ఏది సరైనదో తడి పద్ధతి (పొడిని ద్రవంలో కలిపి కొలవడం) ఫలితంతో పోల్చితేనే తెలుస్తుంది. తడి పద్ధతిలో రేణువులు అడ్డుకునే కాంతి శాతం, అంటే అబ్‌స్క్యురేషన్ రీడింగు రీడింగుకీ పడిపోతుంటే మందు కరుగుతోందన్నమాట. సన్నవి ముందు కరుగుతాయి కనుక డి50 (పొడిలో సగం ఏ సైజు లోపు ఉందో ఆ అంకె) పెరుగుతుంది. ద్రవంలో అదే మందును ముందుగా సంతృప్తంగా కరిగించి, వడగట్టి వాడాలి. పొడి మరీ ఎక్కువ వేస్తే కాంతి పదేపదే చెదిరి, ఉన్నదానికన్నా సన్నగా చూపిస్తుంది. స్టిర్రర్ వేగం పెంచితే పుట్టే బుడగలు గ్రాఫులో ముతక వైపు లేని శిఖరం చూపిస్తాయి.

కాబట్టి ప్రతి సర్టిఫికెట్‌లో తడి పద్ధతో పొడి పద్ధతో, గాలి ఒత్తిడి లేదా సోనికేషన్ (అల్ట్రాసౌండ్‌తో ఉండలు విడగొట్టడం) సమయం, అబ్‌స్క్యురేషన్, లెక్కలో వాడిన వక్రీభవన గుణకం (కాంతిని పదార్థం ఎంత వంచుతుందో చెప్పే అంకె) ముద్రించాలని కంపెనీలను కోరుతున్నాం. కొనేవాళ్లూ అడగాలి. ఒకే శాంపిల్‌ను అయిదుసార్లు చదివించి సరిపెట్టకుండా, బ్యాచ్‌లోంచి విడివిడిగా తీసిన 5 శాంపిళ్ల ఫలితాలు ఇవ్వాలి.

— పౌడర్ ల్యాబ్ విశ్లేషకులు, హైదరాబాద్