ఛార్జర్ పీకితే పడకేస్తున్న ల్యాప్‌టాప్‌పై ఫిర్యాదు

చీమకుర్తి,
ప్రకాశం జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: అప్‌డేట్ తర్వాత ప్రాసెసర్ పవర్ సెట్టింగ్స్ నా చేతిలో లేకపోవడం గురించి.

అయ్యా,

నేను చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో సర్వే పనులు చేస్తాను. పొద్దున క్వారీలోకి దిగితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేదాకా ప్లగ్ అనేది కనపడదు. కొలతలు తీసి, అక్కడికక్కడే ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ వేసి ఓనర్లకు చూపించాలి. అందుకే మీ ల్యాప్‌టాప్ కొన్నప్పుడే సెట్టింగ్స్ నా పనికి తగ్గట్టు మార్చుకున్నాను.

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో, ప్రాసెసర్‌ను ఎంత శాతం దాకా పరిగెత్తనివ్వాలో చెప్పే ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ ఉంటుంది కదా. ప్లగ్‌లో ఉన్నప్పుడు 100, బ్యాటరీ మీద 99 పెట్టాను. తగ్గించింది ఒక్క శాతమే అయినా దాంతో టర్బో, అంటే మామూలు స్పీడ్‌ను దాటి పైకి ఎగరడం, ఆగిపోతుంది. 4.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరే ప్రాసెసర్ 2.4 దగ్గర ఆగుతుంది. పైకెక్కేకొద్దీ ఓల్టేజీ కూడా పెరుగుతుంది కాబట్టి ఆ చివరి స్పీడ్‌కే కరెంటు ఎక్కువ తాగేది. అది వదులుకుంటే డ్రాయింగ్ తెరుచుకోవడం కాస్త నిదానమయ్యేది గానీ, ఫ్యాన్ మోత తగ్గి, బ్యాటరీ ఒక పూట హాయిగా వచ్చేది.

ఈమధ్య మీ పవర్ యాప్ నన్ను అడక్కుండానే అప్‌డేట్ అయింది, దాంతోపాటే బయోస్ (విండోస్ కంటే ముందే లేచి మెషీన్‌ను నడిపించే లోపలి ప్రోగ్రామ్) కూడా. అప్పటినుంచి ఛార్జర్ పీకగానే ‘సైలెంట్’ మోడ్‌లోకి పోతోంది. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 0.8 గిగాహెర్ట్జ్ దాటడం లేదు. డ్రాయింగ్ జూమ్ చేస్తే గీతలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. ఓనరు పక్కన నిలబడి చూస్తుంటే ఆ టెన్షన్ ఏంటో మీకు తెలియదు. పోనీ ‘పెర్ఫార్మెన్స్’ పెడదామంటే టర్బో మొత్తం తెరుచుకుని, గంటన్నరకే బ్యాటరీ ఖాళీ. నేను పెట్టిన 99 రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ 100 అయిపోతోంది. విండోస్‌లో పవర్ మోడ్ ఏది ఎంచుకున్నా మీ యాప్ ముందు దాని మాట చెల్లడం లేదు. యాప్ తీసేసి కూడా చూశాను, బ్యాటరీ మీద అదే 0.8. అంటే కట్టడి బయోస్‌లోనే ఉందన్నమాట.

ఒంగోలులో మీ సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు ‘గ్రానైట్ దుమ్ము పట్టింది సార్’ అన్నారు. దుమ్ము పట్టి వేడెక్కితే ప్లగ్‌లో ఇంకా మొరాయించాలి. అదే మెషీన్ ఛార్జర్ గుచ్చగానే 4 దాటుతోందే! తర్వాత బ్యాటరీ పోయింది, కొత్తది కొనండి అన్నారు. విండోస్ బ్యాటరీ రిపోర్ట్ వాళ్ల ముందే తీశాను. డిజైన్ కెపాసిటీ 56,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 51,000 పైమాటే. అంటే బ్యాటరీ బాగానే ఉంది. చివరికి విండోస్ మళ్లీ వేయించుకోమన్నారు. బయోస్‌లో రోగం పెట్టుకుని విండోస్‌కి మందేస్తే ఏం లాభం?

డబ్బా మీద పది గంటల బ్యాటరీ అని అచ్చేశారు. స్క్రీన్ వెలుతురు తగ్గించి వీడియో ఆడిస్తే వచ్చే గంటలవి, దాని జోలికి నేను పోవడం లేదు. నాకు కావాల్సింది పాత బయోస్‌కి వెనక్కి వెళ్లే దారి. ఇప్పుడు పాత వెర్షన్ వేయబోతే మధ్యలోనే ఆపేస్తోంది. అది కుదరదంటే 0.8 కట్టడి తీసేసి కొత్త బయోస్ ఇవ్వండి. మీ యాప్ మాత్రం నేను పెట్టిన అంకెల జోలికి రాకూడదు. స్పీడ్ ఎప్పుడు కావాలో, బ్యాటరీ ఎప్పుడు కావాలో క్వారీలో నిలబడ్డవాడికి తెలుస్తుంది.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే.

బిల్లు, బ్యాటరీ రిపోర్ట్, టాస్క్ మేనేజర్ ఫోటోలు జతపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు